ఇళ్లల్లో పనిచేసే అక్కలు సంఘం పెట్టుకోవాలంటే: మొదటి రోజు నుంచి మొదటి ఏడాది దాకా

"మేము ఒక్కొక్కరం ఒక్కో ఇంట్లో చేస్తాం. మాకు ఫ్యాక్టరీ లేదు, అందరికీ కలిపి ఒక సేఠు లేడు. మేమెట్ల సంఘం పెట్టుకుంటాం? పెట్టుకుంటే ఏమొస్తది?" హైదరాబాద్‌లో బోరబండ నుంచి, ఫిల్మ్‌నగర్ బస్తీల నుంచి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో చేసేవాళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్న ఇదే. చాలాసార్లు అడిగేది వాళ్ల కూతుళ్లు. అమ్మ పక్కన కూర్చుని చెప్తుంటే వాళ్లు ఫోన్‌లో టైప్ చేస్తారు. అందుకే ఈసారి మొత్తం ఒకే చోట రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించండి.

"మీకు యజమాని ఎవరు?" అనే ప్రశ్న కొత్తది కాదు. 1972లో అహ్మదాబాద్‌లో కార్మిక నాయకురాలు ఇలా భట్, అక్కడి కూలీ మహిళలతో కలిసి సేవా అనే సంఘాన్ని యూనియన్‌గా రిజిస్టర్ చేయించడానికి వెళ్తే, కార్మిక శాఖ వాళ్లు ఇదే అడిగారు. యజమాని లేకపోతే ఎవరితో కొట్లాడతారు, యూనియన్ ఎందుకు అన్నారు. యూనియన్ ఉండేది ఎవరితోనో కొట్లాడడానికే కాదు, పనిచేసేవాళ్లు ఒకటిగా ఉండడానికి కూడా అని వాళ్లు వాదించి, అదే ఏడాది ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నారు. రెండేళ్లకు, 1974లో, మనిషికి పది రూపాయల వాటాతో నాలుగు వేల మంది కలిసి సొంత బ్యాంకే పెట్టుకున్నారు. వాళ్లు చేయగలిగింది మనమూ చేయగలం.

మా అమ్మ కూడా ఇళ్లల్లో పనిచేసింది. నేను చదువుకునే రోజుల నుంచే వాళ్ల సమావేశాల్లో పుస్తకం రాసేదాన్ని. కింద రాసినవన్నీ అలా చూసి నేర్చుకున్నవే. ముఖ్యంగా ఇళ్లల్లో పనిచేసేవాళ్ల కోసం రాశాను. తోపుడు బండి వాళ్లకు, ఇంట్లో కూర్చుని గాజుల పని చేసేవాళ్లకు ఎక్కడ తేడా ఉంటుందో అక్కడ విడిగా చెప్పాను.

ముందుగా కావలసినవి

- మీతో కలిపి ఏడుగురు. ఏడు ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.
- రెండు పొడుగు నోటు పుస్తకాలు. ఒకటి మాటలకు, ఒకటి డబ్బుకు. రెండూ ఒకే పుస్తకంలో రాయొద్దు.
- నంబర్లు అచ్చువేసి ఉన్న రసీదు బుక్కు ఒకటి, వేలిముద్రకు స్టాంప్ ప్యాడ్ ఒకటి.
- కూర్చునే చోటు. గుడి అరుగు, కమ్యూనిటీ హాలు, అంగన్‌వాడీ వరండా, చెట్టు కింద, ఏదైనా సరే. వీలైతే ఎవరి ఇంట్లోనూ పెట్టకండి. ఇల్లు ఎవరిదైతే సంఘం వాళ్లదన్న పేరు పడుతుంది.
- రాయడం వచ్చిన ఒకరు. సభ్యుల్లో ఎవరికీ రాకపోతే ఇంటర్ చదివే కూతురు చాలు.

బ్యానర్ అక్కర్లేదు, ఆఫీసు అక్కర్లేదు, పార్టీ నాయకుడు అసలే అక్కర్లేదు. ఆధార్ జిరాక్సులు మొదటి రోజే అడగకండి. "కార్డులు తీసుకుని మా పేరు మీద లోన్ ఎత్తుతారేమో" అన్న భయం బస్తీల్లో ఊరికే రాలేదు, అలా మోసపోయిన వాళ్లు ఉన్నారు.

1. ఏడుగురిని కూడగట్టడం

పొద్దున ఏడు గంటలకు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, బస్టాపులో, నీళ్ల ట్యాంకర్ దగ్గర మీరు రోజూ కలిసేవాళ్లే మీ మొదటి సభ్యులు. కొత్తవాళ్ల కోసం వెతుక్కుంటూ తిరగకండి. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లే ఏడుగురు, వేర్వేరు కాలనీల్లో చేసే ముప్పై మంది కంటే గట్టి సంఘం. వాళ్లందరికీ వాచ్‌మన్ ఒకడే, సొసైటీ ఒకటే, రేటు ఒకటే. ఏం మాట్లాడినా ఏడుగురికీ తగులుతుంది.

సమావేశం మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య పెట్టండి. పొద్దుటి పని అయిపోయి సాయంత్రం పని మొదలు కాని టైం అది. ఆదివారం అసలు వద్దు. ఆ రోజు ఓనర్లంతా ఇంట్లో ఉంటారు, పని రెట్టింపు. పదిహేను రోజులకొకసారి, గంట చాలు. 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి వేరే బస్తీ నుంచి రావడానికి చార్జీల సాకు కూడా తీరిపోయింది.

మొదటి సమావేశంలో "సంఘం పెడదాం" అనకండి. ఆ మాటకు సగం మంది లేచి వెళ్లిపోతారు. "నాగా పెడితే మీ ఇంట్లో ఎంత కోస్తున్నారు?" అని అడగండి. ఆ రోజుకు మీరు అనాల్సింది అంతే, మిగతా గంట వాళ్లే మాట్లాడతారు.

పాతబస్తీలో తలాబ్‌కట్ట, యాకుత్‌పురా వైపు ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అతికించే వాళ్లకు గేటు దగ్గర కలిసే వీలుండదు. పని తెచ్చి ఇచ్చే మనిషి ఒకడే అయినా, పక్క ఇంట్లో ఎంత ఇస్తున్నాడో తెలియదు. అలాంటి చోట ఒకే దళారీ దగ్గర పని తీసుకునే ఇళ్లను ముందు గుర్తుపట్టండి. సరుకు తిరిగి ఇచ్చే రోజు వాళ్లంతా ఒక చోట చేరగలిగితే అదే మీ సమావేశం. ఇంట్లో మగవాళ్లు అభ్యంతరం చెప్తే మొదట్లో అత్తలను, పెద్దవాళ్లను కూడా పిలవండి. వాళ్లు కూడా ఆ పని చేసినవాళ్లే.

2. లెక్క రాయడం

అందరూ వదిలేసే మెట్టు ఇదే. నా అనుభవంలో మిగతా మెట్లన్నిటి కంటే ఎక్కువ పనిచేసేదీ ఇదే. రెండో సమావేశంలో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ ఇచ్చి ఇవి రాయండి: ఎన్ని ఇళ్లు, ఏ ఇంట్లో ఏ పని, ఎంతమంది మనుషులు, రోజుకు ఎంతసేపు, నెలకు ఎంత, చివరిసారి ఎప్పుడు పెంచారు, సెలవుకు ఎంత కోత, పండగకు ఏమిచ్చారు. ఓనర్ల పేర్లు వద్దు, ఫ్లాట్ నంబర్లు చాలు.

తర్వాత గంట లెక్క కట్టండి. ఉదాహరణకి ఒకామెకు నెలకు 3,000. రోజుకు గంటన్నర పని. నెలకు 45 గంటలు. అంటే గంటకు దాదాపు 67 రూపాయలు. ఇంకొకామెకు 2,500, కానీ ఆ ఇంట్లో రోజుకు రెండు గంటలు పడుతుంది. నెలకు 60 గంటలు. గంటకు 41 చిల్లర. ఇద్దరూ ఒకే బ్లాకులో చేస్తున్నారు. రెండో ఆమె ఇన్నాళ్లూ "నాకూ బాగానే ఇస్తున్నారు" అనుకుంది. ఈ లెక్క చూసిన రోజు ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది, సంఘం ఎందుకో ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదని.

నాగా కోత కూడా ఇలాగే చూడండి. 3,000 జీతానికి ఒక రోజు అంటే 100. కొన్ని ఇళ్లల్లో ఒక్క రోజుకు 200 కోస్తారు, కొన్ని ఇళ్లల్లో 300 కోసి "మళ్లీ నాగా పెట్టకు" అంటారు.

గాజుల పనివాళ్లు డజనుకు ఎంత వస్తుందో రాసి ఊరుకోకండి. జిగురు, కరెంటు, బల్బు, ఎన్ని గంటలు, పాడైన సరుకుకు ఎంత పట్టుకున్నారు, అన్నీ తీసేసి మిగిలింది రాయండి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఈ ఊరి ప్రత్యేక వస్తువు అన్న ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది. రేటు మాట్లాడేటప్పుడు ఆ సంగతి దళారీకి గుర్తుచేయొచ్చు.

జాగ్రత్త: ఈ కాగితాలు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. తిరిగి తిరిగి సొసైటీ గ్రూపులోకి చేరితే మొదట నష్టపోయేది తక్కువ జీతం మనిషే.

3. ఒక్క మాట ఇచ్చుకోవడం

అడగడానికి వెళ్లే ముందు ఈ ప్రమాణం కావాలి. రాసుకుని అందరూ సంతకమో వేలిముద్రో వేయండి:

"మనలో ఒకరిని తీసేసిన ఇంట్లో, ఆమెతో మాట్లాడకుండా ఇంకొకరు చేరకూడదు. చేరినా పాత జీతం కంటే తక్కువకు చేరకూడదు."

సంఘం బలమంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది. ఓనరుకు మన మీద ఉన్న పట్టు "నువ్వు కాకపోతే ఇంకొకరు" అన్న మాట ఒక్కటే. ఆ ఇంకొకరు మన పక్కనే కూర్చుని ఉంటే ఆ పట్టు జారిపోతుంది. నిజమే, ఊరి నుంచి కొత్తగా వచ్చిన మనిషి తక్కువకు ఒప్పుకుంటుంది. ఆమెతో గొడవ పడకండి. ఆమెకు అద్దె కట్టాలి, పిల్లలు ఆకలితో ఉన్నారు. పని దొరికిన మొదటి వారంలోనే ఆమెను సమావేశానికి పిలిచి పేజీ ఇచ్చి లెక్క రాయించండి.

దీనికి జోడుగా ఇంకొకటి పెట్టుకోండి: బదులు మనిషి. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు ఆ ఇంటికి వెళ్లి పని చేస్తారు, ఆ రోజు కూలి వెళ్లినామెకు. ఓనరుకు అంట్లు ఆగవు, మీకు ఉద్యోగం పోదు. కాన్పుకు వెళ్లిన ఒక అక్క మూడు నెలల తర్వాత తిరిగి వచ్చి తన నాలుగు ఇళ్లూ తనే తీసుకుంది. బదులు చేసినవాళ్లు ఒక్క ఇల్లు కూడా తమ దగ్గర పెట్టుకోలేదు. ఆ రోజు సమావేశంలో ఏడ్వని వాళ్లు లేరు.

4. మొదటి కోరిక: చిన్నది, ఒకటే

మొదటే జీతం పెంచమని అడగకండి. ప్రతి ఇంట్లో అంకె వేరుగా ఉంటుంది, అందరూ ఒకేసారి అడగలేరు, ఒకరికి పెరిగి ఒకరికి పెరగకపోతే సంఘంలోనే మనస్పర్ధలు వస్తాయి. సెలవుతో మొదలుపెట్టండి. అడగడం ఇలా:

నెలకు రెండు రోజులు కోత లేని సెలవు. అంతకు మించితే జీతాన్ని 30తో భాగించి ఒక రోజుది మాత్రమే కోత.

అందరూ ఒకే వారంలో, ఒకే మాటలతో అడగాలి. మాటలు ముందే సమావేశంలో ఒకరికొకరు చెప్పి చూసుకోండి. ఒకరు మేడమ్‌గా కూర్చోండి, ఒకరు అడగండి. "మేడమ్, ఈ బ్లాకులో చేసేవాళ్లం అందరం కూర్చుని సెలవుల గురించి ఒక మాట అనుకున్నాం. ముందురోజే మీకు చెప్తాం, వీలైతే బదులు మనిషిని పంపిస్తాం. మీకు ఇబ్బంది కాదు" అని మొదలుపెట్టండి. బదులు మనిషి సంగతి ముందే చెప్తే చాలామంది ఓనర్లు సగం అక్కడే ఒప్పుకుంటారు. వాళ్ల భయం జీతం గురించి కంటే పొద్దున మనిషి రాకపోవడం గురించే ఎక్కువ.

ఎప్పుడు అడగాలి? నెల మొదటి వారంలో, జీతం చేతికి వచ్చాక. జీతం రాకముందు అడిగితే ఆ నెల జీతమే ఆగొచ్చు. బాగా పరిచయమున్న, మంచి ఇంటి నుంచి మొదలుపెట్టండి. ఆరు ఇళ్లు ఒప్పుకున్నాక ఏడో ఇంటి దగ్గర "పక్క ఫ్లాట్ వాళ్లు ఒప్పుకున్నారు మేడమ్" అనే మాట మీ దగ్గర ఉంటుంది.

ఒప్పుకోకపోతే? ఆ రోజే పని మానేయకండి. "ఆలోచించి చెప్పండి" అని వచ్చేయండి. వచ్చే సమావేశంలో చెప్పండి, రెండు వారాల తర్వాత ఇద్దరు కలిసి వెళ్లి మళ్లీ అడగండి.

పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో గేటు యాప్ ఉంటుంది, అందులో మన కోడ్ ఉంటేనే లోపలికి పంపుతారు. ఒక ఓనరు కోపంతో ఒక అక్క కోడ్ ఆపేయించినందుకు, మిగతా మూడు ఇళ్లకు కూడా ఆమె వారం రోజులు వెళ్లలేకపోయిన సంగతి నాకు తెలుసు. అలా జరిగితే ఆ మూడు ఇళ్ల ఓనర్లతోనే సొసైటీ ఆఫీసుకు ఫోన్ చేయించండి. వాళ్లింట్లోనూ పని ఆగింది కదా, మన కంటే గట్టిగా అడుగుతారు.

5. డబ్బు

సంఘాలు ఎక్కువగా విరిగేది ఇక్కడే. నేను పుస్తకం రాసిన మొదటి గుంపు కూడా ఇక్కడే విరిగింది. డబ్బంతా ఒక అక్క బీరువాలో ఉండేది. ఆమె నిజాయితీపరురాలు, ఇప్పటికీ అదే అంటాను. కానీ కొడుకును ఆస్పత్రిలో చేర్చినప్పుడు అందులోంచి తీసింది, ఎవరికీ చెప్పలేదు. తిరిగి పెట్టేలోపే లెక్క అడిగారు. డబ్బు మొత్తం తిరిగి వచ్చింది, నమ్మకం మాత్రం రాలేదు. తప్పు ఆమెది అనను. ఒకే మనిషి మీద అంత బరువు పెట్టిన మా అందరిదీ. అందుకే ఈ నియమాలు మొదటి రూపాయికి ముందే రాసుకోండి:

- చందా చిన్నదిగా ఉండాలి, అందరికీ ఒకటే. నెలకు 100 అనుకుంటే ఇరవై మందికి 2,000, ఏడాదికి 24,000.
- సమావేశంలో, అందరి ముందు మాత్రమే వసూలు. గేటు దగ్గర, దారిలో తీసుకోవద్దు.
- అక్కడికక్కడే రసీదు. పేరు, అంకె, తేదీ, సంతకం.
- ఆ రోజు మొత్తం ఎంతో గట్టిగా చదవాలి. పాత నిల్వ, ఈ రోజు వచ్చింది, ఖర్చు, ఇప్పటి నిల్వ. చదువు రాని వాళ్లు ఈ నాలుగు అంకెలు చెవితో గుర్తుపెట్టుకుంటారు, నమ్మండి.
- సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా. ముగ్గురి సంతకాలు ఇచ్చి, ఏ ఇద్దరు సంతకం పెట్టినా డబ్బు వచ్చేలా రాయించండి. ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు, దగ్గరి చుట్టాలు కాకూడదు.

ఖాతా తెరవడానికి తీర్మానం కాపీ, ఆ ముగ్గురి ఆధార్, పాన్ లేదా బ్యాంకు అడిగే ఇతర గుర్తింపు, ఫోటోలు తీసుకెళ్లండి. పొదుపు సంఘం ఖాతా అయితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం పదవుల్లో ఉన్నవాళ్ల కేవైసీ, అంటే గుర్తింపు కాగితాల తనిఖీ చాలు, సభ్యులందరిదీ అక్కర్లేదు. కౌంటర్‌లో ఈ సంగతి తెలియక అందరినీ రమ్మంటే మేనేజర్‌తో మాట్లాడండి.

అప్పు సంగతికి వద్దాం. బస్తీలో నూటికి ఐదు రూపాయల వడ్డీకి పదివేలు తీసుకుంటే నెలకు 500, ఏడాదికి 6,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంటే ఏడాదికి 1,200, అదీ మన సంఘంలోనే ఉంటుంది. కూరగాయల బండి వాళ్లు తీసుకునే గిరిగిరి అయితే చేతికి 9,000 ఇచ్చి, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. ఏడాదిలో మూడుసార్లు తిప్పితే 3,000 పోయినట్టు. అయినా సరే, మొదటి ఆరు నెలలు సంఘంలో అప్పులు ఇవ్వకండి. ఆ తర్వాత కూడా మొదటి అప్పు పదవిలో ఉన్నవాళ్లకు ఇవ్వకండి.

పొదుపు సంఘాన్నీ చిట్టీనీ కలపొద్దు. చిట్టీ పాట పాడుకునేవాళ్లు విడిగా పాడుకోండి.

6. ఏ రూపంలో రిజిస్టర్ చేయాలి

ఇది ఆరు నెలల తర్వాతి పని. ముందే పరుగెత్తకండి, కాగితం ఉండి మనుషులు లేని సంఘాలు చాలా ఉన్నాయి.

పొదుపు, బ్యాంకు లోన్ మాత్రమే కావాలంటే పది మందికి తగ్గకుండా పొదుపు సంఘంగా ఏర్పడి, మీ మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగంలో అడగండి. అప్పటికే మీ బస్తీలో ఉన్న సమాఖ్యలో చేరతారు.

జీతం, సెలవులు, వేధింపుల గురించి మాట్లాడాలంటే యూనియన్. దీనికి కనీసం ఏడుగురు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలో ఇదే ఉండేది, దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కనీస సంఖ్య ఏడుగురే. కానీ ఏడుగురు ఉంటేనే చాలదు, ఆ పనిలో ఉన్నవాళ్లలో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది, దరఖాస్తు నాటికి సభ్యులుగా ఉండాలి. అసంఘటిత రంగంలో పదవుల్లో కనీసం సగం మంది ఆ పని నిజంగా చేసేవాళ్లు ఉండాలి. నా సలహా, సగంతో ఆగకండి. అధ్యక్షురాలు, కోశాధికారి ఇద్దరూ పనిచేసేవాళ్లే ఉండాలి. బయటి నుంచి సాయం చేసేవాళ్లను కార్యదర్శిగా పెట్టుకున్నా సరిపోతుంది. దరఖాస్తు కార్మిక శాఖలో ఇవ్వాలి. కోడ్ కొత్తది కాబట్టి ఇప్పుడు వాడుతున్న ఫారం ఏదో ఆఫీసులోనే అడిగి తీసుకోండి, జిరాక్స్ షాపులో అమ్మే పాత ఫారాలు కొనకండి.

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగా చేయడానికైతే ఏడుగురు చాలు. కానీ సొసైటీకి జీతాల గురించి బేరమాడే హక్కు యూనియన్‌కు ఉన్నట్టు ఉండదు. ఎవరైనా "సొసైటీ సులువు, అది చేసేయండి" అంటే మీకు కావలసింది ఏమిటో మరోసారి ఆలోచించుకోండి.

7. కార్డులు అందరివీ ఒకేసారి

ఒక్కొక్కరు వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, సర్వర్ డౌన్ అంటే ఇంకో రోజు. సంఘంగా మీసేవా లేదా సీఎస్‌సీ వాళ్లతో ముందే మాట్లాడి ఒక మధ్యాహ్నం అందరివీ చేయించండి. ఒకరిని బస్తీకి రప్పించగలిగితే ఇంకా మంచిది.

ఈ-శ్రమ్ అంటే అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్, 2021 ఆగస్టులో మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు, పీఎఫ్ గానీ ఈఎస్ఐ గానీ లేకపోవడం, ఇన్‌కమ్ టాక్స్ కట్టకపోవడం, ఇవీ షరతులు. ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోన్, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. 12 అంకెల నంబరు వస్తుంది. ఫోన్ నంబరు మారిపోయి ఆధార్‌కు లింక్ లేకపోవడమే అందరికీ ఎదురయ్యే అడ్డంకి, అది ముందు చూసుకోండి. అనుమానాలుంటే 14434కు చేయండి. పని కాలమ్‌లో "గృహిణి" అని రాసేస్తుంటారు. పక్కన నిలబడి "ఇళ్లల్లో పని" అని రాయించండి.

అడ్డా మీద నిలబడి మేస్త్రీతో కూలికి వెళ్లేవాళ్లయితే భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నమోదు చేయించుకోండి. వయసు 18 నుంచి 60, గత 12 నెలల్లో 90 రోజులు పనిచేసి ఉండాలి. కాన్పు, పెళ్లి, ప్రమాదం వంటి వాటికి సాయం అక్కడి నుంచే వస్తుంది.

8. కష్టం వచ్చిన రోజు

ఈ పేజీ ఒక్కటి చింపి వంటగదిలో అంటించుకున్నా మంచిదే.

దొంగతనం అంటగడితే: ఇళ్లల్లో పనిచేసే ప్రతి అక్కా భయపడేది దీనికే. ఉంగరం కనబడకపోతే ముందు మన పేరే. మీ ఒళ్లు తడిమే అధికారం ఓనరుకు లేదు, కొట్టే హక్కు అసలే లేదు. తనిఖీ చేయాల్సి వస్తే మహిళా పోలీసే చేయాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితిలోనైనా మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు, "తప్పు ఒప్పుకుంటే వదిలేస్తాం" అన్నా పెట్టొద్దు. వెంటనే సంఘంలో ఇద్దరికి ఫోన్ చేయండి, స్టేషన్‌కు ఒంటరిగా వెళ్లకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరు దొరుకుతారు, 15100కు ఫోన్ చేస్తే చెప్తారు.

ఓనరో, ఇంట్లో వాళ్లో చెడ్డగా ప్రవర్తిస్తే: 2013 నాటి లైంగిక వేధింపుల చట్టంలో ఇల్లు కూడా పనిచేసే చోటే. జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, కలెక్టరేట్‌లో అడగండి. మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. రాయలేని వాళ్లకు రాసి పెట్టడం కమిటీ బాధ్యత. అత్యవసరమైతే 112, ఆడవాళ్ల సాయానికి 181, షీ టీమ్స్ కూడా ఉన్నాయి. బయటికి చెప్పుకోలేని అక్కను సమావేశంలో అందరి ముందు అడగకండి. ఇద్దరిని ముందే ఎంచుకుని "ఇలాంటివి వీళ్లకు చెప్పండి, బయటికి రావు" అని ప్రకటించండి.

తోపుడు బండి వాళ్ల సరుకును మున్సిపాలిటీ వాళ్లు ఎత్తుకెళ్తే: 2014 వీధి వ్యాపారుల చట్టం మీ వైపు ఉంది. సర్వే పూర్తయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపేయకూడదు. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు తీసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. పాడైపోయే సరుకు అడిగిన రోజే, పాడవని సరుకు రెండు పని దినాల్లో తిరిగి ఇవ్వాలి. "లిస్ట్ ఇవ్వండి సార్" అనే ఈ మూడు మాటలు మీ వీధిలో బండి పెట్టే అందరికీ నేర్పండి, ఒకరు అడిగేటప్పుడు మరొకరు ఫోటో తీయాలి. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం సీట్లు వ్యాపారుల ప్రతినిధులవి, అందులో మూడో వంతు ఆడవాళ్లవి. ఎన్నిక జరిగినప్పుడు ఆ సీట్లకు మగవాళ్లు తమ ఇంటివాళ్ల పేరు రాసి తామే వెళ్లి కూర్చోకుండా చూసుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

చదువుకున్న ఒక్కరే అన్నీ చూసుకోవడం. ఆ మనిషి మంచిదైనా సరే, పెళ్లయి వెళ్లిపోయిన రోజు సంఘం పడుకుంటుంది. ఆరు నెలలకోసారి పుస్తకం రాసే చెయ్యి మారాలి.

ఎన్నికల ముందు పార్టీ మీటింగులకు సంఘం పేరుతో మనుషుల్ని పంపడం. సభ్యురాలు తన ఇష్టంతో ఏ పార్టీకైనా వెళ్లొచ్చు, సంఘం పేరు వెళ్లకూడదు. ఒక్కసారి వెళ్తే రెండో పార్టీ వైపు ఉన్న సగం మంది మళ్లీ రారు.

కులం చొప్పున, మతం చొప్పున, ఊరి చొప్పున గుంపులు కట్టుకోవడం. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు వేర్వేరు సంఘాలు పెట్టుకుంటే ఓనరుకు "ఇంకొకరు" దొరికినట్టే.

ఇంకొకటి, ఆలస్యంగా వచ్చేవాళ్లకు జరిమానాలు. దయచేసి పెట్టకండి. ఆలస్యానికి కారణం అత్తగారో, పసిపిల్లో, బస్సో అయ్యుంటుంది. పది రూపాయల జరిమానాకు భయపడి ఇక రావడం మానేసిన వాళ్లను చూశాను.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

మూడు నెలలకు: పుస్తకంలో కనీసం ఐదు సమావేశాలు రాసి ఉండాలి, వచ్చినవాళ్ల సంతకాలతో. బదులు మనిషి కనీసం ఒక్కసారైనా వెళ్లి ఉండాలి. ఇది జరగకపోతే రిజిస్ట్రేషన్ మాట ఎత్తకండి, మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

ఆరు నెలలకు: రెండో మెట్టులో రాసిన పేజీలు తీసి అవే ప్రశ్నలు మళ్లీ వేయండి. కొత్త కాగితం మీద రాసి పాతదాని పక్కన పెట్టండి. సెలవు కోత ఎన్ని ఇళ్లల్లో తగ్గింది? గంటకు తక్కువ వచ్చేవాళ్ల అంకె కదిలిందా? కదలకపోతే వాళ్లను నిందించకండి, ఆ ఇంటికి తోడుగా ఎవరు వెళ్లారో చూడండి. చాలాసార్లు ఎవరూ వెళ్లి ఉండరు.

ఏడాదికి: బ్యాంకు పాస్‌బుక్, డబ్బు పుస్తకం, రసీదు బుక్కు, మూడింటి మొత్తాలు ఒకటే రావాలి. ఒక్క రూపాయి తేడా ఉన్నా ఆ రోజే వెతకండి. తర్వాత పదవిలో లేని ఒక సభ్యురాలిని, అందరికంటే తక్కువ మాట్లాడే ఆమెను, బస్టాపులో పక్కన కూర్చోబెట్టుకుని మూడు అడగండి: మన ఖాతాలో ఎంత ఉంది, డబ్బు తీయాలంటే ఎవరు సంతకం పెట్టాలి, నిన్ను రేపు పనిలోంచి తీసేస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తావు. మూడింటికీ తడుముకోకుండా చెప్తే కార్మిక శాఖకు వెళ్లే తేదీ రాసుకోండి. ఒక్కదానికి ఆగినా, వచ్చే సమావేశంలో పుస్తకం చదివే పని ఆమెకే ఇవ్వండి. చదువు రాకపోతే ఆమె పక్కన మీరు కూర్చుని అంకెలు చెప్పండి, గట్టిగా పలికేది మాత్రం ఆమే.